ఫార్మాట్ కొడితే పాత కంప్యూటర్ ఎందుకు బాగవుతుంది, మళ్లీ ఎందుకు మొరాయిస్తుంది

పాత కంప్యూటర్ మొరాయించిందంటే ఇంట్లోనైనా షాపులోనైనా మొదట వినిపించే సలహా "ఒకసారి ఫార్మాట్ కొట్టించండి" అన్నదే. చాలాసార్లు అది ఫలిస్తుంది కూడా. ఆన్ చేసి టీ పెట్టుకుని తాగేదాకా తెరుచుకోని విండోస్ చటుక్కున తెరుచుకుంటుంది. ఫైళ్లు కాపీ అవుతుంటే మధ్యలో బిగుసుకుపోవడం ఆగిపోతుంది. రెండు మూడు నెలలయ్యాక కథ మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు నెపం విండోస్ సీడీ మీదో, వైరస్ మీదో, వేసినవాడి మీదో పడుతుంది. అసలు దోషి లోపల తిరుగుతున్న హార్డ్ డిస్క్ అయినప్పుడు ఫార్మాట్ దాన్ని బాగుచేయలేదు. మరి ఆ రెండు మూడు నెలలైనా ఎలా నడిచింది? ఈ సంగతి తేలితే, పార్టిషన్లు (డిస్క్‌ను సీ, డీ అని విడగొట్టే భాగాలు) మార్చి పాత డిస్క్‌ను ఎంతవరకు నెట్టుకురావచ్చో, ఎక్కడ వదిలేయాలో కూడా తేలుతుంది.

ఇంత తంటా ఎందుకు, కొత్తది కొనుక్కోవచ్చుగా అనేవాళ్లు ఉంటారు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేయాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా 8వ తరానిదో ఆ తర్వాతిదో కావాలి. 2017కు ముందు కొన్న యంత్రాలు చాలావరకు ఈ లెక్కలో తప్పిపోయాయి. అలాగని అవన్నీ పనికిరానివి కావు. మన ఊళ్లలో డీటీపీ షాపుల సంగతి మరీ వేరు. పెళ్లిపత్రికలు, కరపత్రాలు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టి దాచుకున్నవాళ్లకు ఆ ఫైళ్లు యూనికోడ్‌లో ఉండవు. వాటిని తెరిచి దిద్దాలంటే ఆ పాత సాఫ్ట్‌వేర్ నడిచే పాత విండోసే దిక్కు. అలాంటి చోట కంప్యూటర్ పోవడమంటే పదేళ్ల పని చేజారడమే.

ఒక్క చెడ్డ సెక్టారు యంత్రాన్నంతా ఎలా ఆపుతుంది

హార్డ్ డిస్క్‌లో పళ్లేలు నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంటాయి. వాటికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో హెడ్ తేలుతూ చదువుతుంది, రాస్తుంది. సమాచారం సెక్టార్లుగా ఉంటుంది. పాత డిస్కుల్లో ఒక్కో సెక్టారు 512 బైట్లు, 2010-11 నుంచి వస్తున్న వాటిలో ఎక్కువగా 4096 బైట్లు. ప్రతి సెక్టారు వెంట తప్పులు పట్టి సరిదిద్దడానికి కొంత అదనపు లెక్క కూడా రాసి ఉంటుంది. చదివిన దానికీ ఆ లెక్కకూ పొత్తు కుదరకపోతే డిస్క్ వెంటనే ఓటమి ఒప్పుకోదు. పళ్లెం ఇంకో చుట్టు తిరిగి వచ్చేదాకా ఆగి మళ్లీ చదువుతుంది. 7200 డిస్క్‌లో ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక చోటు చదవడానికి అర సెకను పట్టిందంటే పళ్లెం దాని కోసం సుమారు 60 చుట్లు తిరిగిందన్నమాట. ఇళ్లలో వాడే డిస్కులు ఇలా పదుల సెకన్లపాటు పట్టు వదలకుండా ప్రయత్నించగలవు. కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా నడిపే రెయిడ్ పద్ధతిలో వాడే డిస్కులైతే సాధారణంగా 7 సెకన్లకే ఆపేసి "చదవలేకపోయాను" అని చెప్పేస్తాయి, ఎందుకంటే అక్కడ అదే సమాచారం పక్క డిస్కుల నుంచి తెచ్చుకోవచ్చు. ఇంటి డిస్క్‌కు ఆ వెసులుబాటు లేదు.

ఆ పదుల సెకన్లూ డిస్క్‌ను అడిగిన మిగతా పనులన్నీ వరుసలో నిలబడాల్సిందే. మౌస్ బాణం కదులుతుంది, ఏది నొక్కినా పలకదు, డబ్బా ముందున్న లైటు ఆరకుండా వెలుగుతుంది. ఈ లక్షణాన్ని గుర్తుపట్టడం ముఖ్యం. ర్యామ్ చాలక నెమ్మదించిన యంత్రం రోజంతా ఈడుస్తూనే ఉంటుంది. చెడ్డ సెక్టార్లున్న యంత్రం మాత్రం బాగానే నడుస్తూ నడుస్తూ ఫలానా ఫోల్డర్ తెరిచినప్పుడే బిగుసుకుంటుంది. ఆ చెడ్డ చోటు బూట్ అయ్యేటప్పుడు చదివే ఫైలు కింద పడిందా, కంప్యూటరే పోయినట్టు కనిపిస్తుంది. 500 జీబీ డిస్క్‌లో 512 బైట్ల లెక్కన సెక్టార్లు 97 కోట్ల 67 లక్షల పైచిలుకు. వాటిలో పదో ఇరవయ్యో ఇంత పని చేయగలవు.

విండోస్ ఎక్స్‌పీ నడుస్తున్న యంత్రాల్లో దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. ఐడీఈ అనే పాత తరహా కనెక్షన్ ఉన్న డిస్క్ నుంచి ఆరుకు మించి టైమౌట్లు (గడువులోగా జవాబు రాకపోవడం) వస్తే ఎక్స్‌పీ వేగమైన డీఎంఏ పద్ధతిని ఆపేసి, ఆ డిస్క్‌ను పీఐఓ పద్ధతిలో పడేస్తుంది. అప్పటినుంచి ప్రతి కాపీ భారమూ ప్రాసెసర్ మీదే. తప్పులు ఆగిపోయినా అది తనంతట తాను పాత వేగానికి రాదు. డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి ఆ ఐడీఈ ఛానల్‌ను తీసేసి రీస్టార్ట్ చేస్తే సరిపోయేదానికి ఎంతమంది విండోస్ మొత్తం మళ్లీ వేయించుకున్నారో చెప్పలేం. కొత్తగా వేసిన ఎక్స్‌పీ ఎలాగూ డీఎంఏతోనే మొదలవుతుంది కాబట్టి, ఫార్మాట్‌కు వచ్చిన మంచి పేరులో కొంత వాటా దీనిదే.

రెండు నెలల మర్మం

చదవలేకపోయిన సెక్టారును డిస్క్ అప్పటికప్పుడు తీసిపారేయదు. అందులోని సమాచారం ఎవరికైనా కావాల్సి ఉండొచ్చు కదా. దాన్ని పెండింగ్ జాబితాలో పెట్టి ఊరుకుంటుంది. ఆ చోట ఎవరైనా కొత్తగా ఏదైనా రాసినప్పుడే దాని సంగతి తేలుస్తుంది. రాసినది నిలిచిందా, జాబితాలోంచి తీసేసి మామూలుగా వాడుకుంటుంది. నిలవలేదా, తయారీలోనే పక్కన ఉంచిన స్పేర్ సెక్టార్లలో ఒకదాన్ని దాని స్థానంలోకి తెస్తుంది. ఆ తర్వాత ఆ నంబరు అడిగితే స్పేర్ సెక్టారే జవాబిస్తుంది, విండోస్‌కు ఈ మార్పు తెలియనే తెలియదు.

పెండింగ్‌లో పడిన ప్రతి సెక్టారూ నిజంగా అరిగిపోయినది కాదు. రాస్తుండగా కరెంటు పోతే రాత సగంలో తెగి, సమాచారానికీ లెక్కకూ పొంతన లేకుండా పోవచ్చు. పళ్లెం మీద గీతా ఉండదు, మచ్చా ఉండదు, అయినా ఆ సెక్టారు చదవబడదు. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి, పేరుకు మాత్రం బల్ల కింద ఉండే ఇళ్లలో ఇలాంటి ఉత్తుత్తి బ్యాడ్ సెక్టార్లకు కొదవ ఉండదు. వాటి మీద ఒకసారి కొత్తగా రాస్తే చాలు, పోతాయి.

ఇక్కడే ఫార్మాట్‌లో రకాలు తెలుసుకోవాలి. క్విక్ ఫార్మాట్ ఫైళ్ల పట్టికను మాత్రం కొత్తగా రాసి వదిలేస్తుంది, డిస్క్‌లో మిగతా భాగాన్ని ముట్టుకోదు. విస్టా నుంచి మొదలుపెట్టి విండోస్‌లో పూర్తి ఫార్మాట్ అంటే పార్టిషన్ పొడవునా సున్నాలు రాయడం. ఎక్స్‌పీలో పూర్తి ఫార్మాట్ కూడా చదివి చూడడమే తప్ప రాయడం కాదు. అందుకే గంటలు పట్టే పూర్తి ఫార్మాట్ పెండింగ్ జాబితాను ఖాళీ చేయగలదు, నిమిషంలో అయిపోయేది చేయలేదు. షాపులో సాధారణంగా కొట్టేది నిమిషంలో అయిపోయేదే.

మరి క్విక్ ఫార్మాట్‌తో కూడా యంత్రం ఎందుకు తేరుకుంటుంది? కొత్తగా వేసిన విండోస్ ఫైళ్లు పాత చోట్లలోనే పడాలని లేదు. చెడ్డ చోటు ఈసారి ఖాళీ జాగాలో మిగిలిపోతే దాన్ని తట్టేవాళ్లుండరు. ఫోటోలు, సినిమాలు, అప్‌డేట్లు చేరుతూ డిస్క్ నిండుతుంది, ఒకనాటికి ఏదో ఫైలు ఆ చోటి మీదికి వస్తుంది. మళ్లీ హ్యాంగ్ మొదలవుతుంది. రెండు నెలల మర్మం ఇంతే.

పార్టిషన్లు మార్చి డిస్క్‌ను బతికించడమంటే ఈ అదృష్టాన్ని పద్ధతిగా మార్చుకోవడం. పొలంలో చౌడు పట్టిన మడిని వదిలేసి, చుట్టూ గట్టు వేసి, మిగతాది సాగు చేసుకున్నట్టు. చౌడు ఆ మడిలోనే ఉన్నంతకాలం పంటకు ఢోకా లేదు. చౌడు పాకుతుంటే మాత్రం ఎన్ని గట్లు వేసినా వృథా. కాబట్టి పార్టిషన్ ఎలా గీయాలన్నది చివరి ప్రశ్న. దెబ్బ ఒక్కచోటే ఉందా, పాకుతోందా అన్నది అంతకు ముందే తేల్చుకోవాలి.

విండోస్‌లోని చెక్ డిస్క్ కూడా ఈ పని కొంత చేస్తుంది. చదవలేని చోట్లను ఎన్‌టీఎఫ్‌ఎస్‌ (విండోస్ ఫైళ్లను అమర్చే పద్ధతి) లోని బ్యాడ్ క్లస్టర్ల, అంటే చెడ్డ సెక్టార్ల గుంపుల, జాబితాలో రాసుకుని ఇక వాడదు. కానీ అది సరిగ్గా ఆ రోజు చెడ్డగా దొరికిన వాటినే వదిలేస్తుంది. వాటిని ఆనుకుని, ఇవాళ 40 చుట్లకు చదవబడి రేపు అసలే చదవబడని బలహీనపు సెక్టార్లు వాడకంలోనే ఉండిపోతాయి. పైగా ఆ పార్టిషన్‌ను ఉన్నదున్నట్టు కొత్త డిస్క్‌లోకి క్లోన్ చేస్తే జాబితా కూడా వెంట వస్తుంది, కొత్త డిస్క్‌లో నిక్షేపంలాంటి చోట్లు కూడా బ్యాడ్ అని ముద్ర పడి ఉంటాయి.

అంకెలు చదవడం

డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే చిట్టా రాసుకుంటుంది. దాన్ని స్మార్ట్ అంటారు. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, లినక్స్‌లో స్మార్ట్‌మన్‌టూల్స్ దాన్ని చూపిస్తాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఐటెం నంబర్లు కూడా, కుడివైపు రా వాల్యూస్ (డిస్క్ రాసుకున్న అసలు అంకెలు) కూడా మామూలుగా పదహారు గుర్తుల పద్ధతిలో కనిపిస్తాయి. అక్కడ 10 అని ఉంటే అర్థం పదహారు, 1ఎఫ్ అంటే ముప్ఫై ఒకటి. ఫంక్షన్ మెనూలో రా వాల్యూలను దశాంశ పద్ధతికి మార్చుకుంటే ఈ గందరగోళం తప్పుతుంది.

చూడాల్సినవి నాలుగు: స్పేర్ సెక్టారుకు మారినవాటి లెక్క 5వ నంబరు, పెండింగ్ లెక్క 197, స్వయంపరీక్షలో చదవలేకపోయినవి 198, కేబుల్ మీద తప్పులు 199. ఈ చివరిది పెరుగుతూ మిగతావి సున్నా ఉంటే డిస్క్‌కు ఏమీ కాలేదు. డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చి చూస్తే సరి. పార్టిషన్ల జోలికి వెళ్లనక్కర్లేదు. సీగేట్ డిస్కుల్లో 1వ నంబరు దగ్గర కోట్లలో కనిపించే అంకె చూసి టెన్షన్ పడేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ కంపెనీ ఆ అంకెను రాసే తీరే అంత.

ఈ అంకెలను ఎంత నమ్మవచ్చు? 2007లో గూగుల్ తన సర్వర్లలోని లక్షకు పైగా డిస్కులను గమనించి ఒక పరిశోధన పత్రం వెలువరించింది. స్కాన్‌లో మొదటి తప్పు కనబడిన డిస్క్, తప్పుల్లేని డిస్క్‌తో పోలిస్తే తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని అందులో తేలింది. అదే పత్రంలో ఇంకో మాట కూడా ఉంది. పోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సూచికల్లో దేన్లోనూ ముందుగా ఏ హెచ్చరికా చూపలేదు. అంటే, అంకె చెడ్డగా ఉంటే నమ్మాలి. అంకె బాగుంటే మాత్రం ధీమా పడకూడదు. ఆ డిస్కులు డేటా సెంటర్లలో రాత్రింబవళ్లు తిరిగినవి కాబట్టి అదే నిష్పత్తి ఇంటి డిస్క్‌కు దించలేం, కానీ దిశ ఇదే.

కొన్ని డిస్కులకు ఏ పరీక్షా అక్కర్లేదు. ఆన్ చేయగానే టక్, టక్ మని ఒకే లయలో కొట్టుకుంటుంటే హెడ్ తన దారి తాను వెతుక్కోలేకపోతోందని అర్థం. అలాంటి డిస్క్ ఎంతసేపు తిరిగితే అంత నష్టం. లోపలి డేటా విలువైనదైతే కరెంటు తీసేసి డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వాలి, విలువ లేనిదైతే అక్కడితో వదిలేయాలి.

గీత గీసే ముందు

డేటా బయటికి తీయకుండా స్కాన్ మొదలెట్టడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. స్కాన్ అంటే డిస్క్‌ను మొదటి నుంచి చివరిదాకా గంటల తరబడి పరుగెత్తించడం. కొన ఊపిరితో ఉన్న డిస్క్ ఆ పరుగులోనే పోవచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ బూట్ చేసి, ముఖ్యమైన ఫైళ్లు మొదట, పాటలూ సినిమాలూ చివర అన్న వరసలో కాపీ చేసుకోవాలి. మామూలు కాపీ ఒక్క ఫైలు దగ్గర ఆగిపోతుంటే గ్నూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం వాడాలి. అది చెడ్డ చోటు తగలగానే దాన్ని దాటేసి ముందు బాగున్నదంతా లాగేసుకుంటుంది, కష్టమైనవాటి దగ్గరికి తర్వాత తిరిగి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. ఆ ఫైలును వేరే డిస్క్‌లో భద్రంగా ఉంచుకుంటే, మధ్యలో కరెంటు పోయినా మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. చెడ్డ చోట్లు ఎక్కడెక్కడున్నాయో కూడా ఆ మ్యాపే చెబుతుంది.

డేటా చేతికొచ్చాక విక్టోరియా, హెచ్‌డీడీస్కాన్ అనే ప్రోగ్రాముల్లో ఏదో ఒకటి పెట్టి డిస్క్ మొత్తం చదివించాలి. ఒక్కో బ్లాకు (సెక్టార్ల గుంపు) ఎన్ని మిల్లీసెకన్లలో పలికిందో అవి రంగుల్లో చూపిస్తాయి. బాగా ఆలస్యమైన ఎర్రని బ్లాకుల సంఖ్య కంటే అవి పరుచుకున్న తీరు ముఖ్యం. అన్నీ ఒకే ప్రాంతంలో గుంపుగా ఉంటే అది స్థానికమైన దెబ్బ, వదిలేసే పద్ధతి పనిచేస్తుంది. అలా కాకుండా కొంత మంచి, కొంత చెడ్డ, మళ్లీ కొంత మంచి అని డిస్క్ పొడవునా చారలుగా వస్తే కథ వేరు. డిస్క్‌లో పళ్లేలకు పైనా కిందా ఉన్న ముఖాల మీద సెక్టారు నంబర్లు వంతులవారీగా సాగుతాయి, ఒక ముఖం మీద కొంత, పక్క ముఖం మీద కొంత. చారలు కనబడుతున్నాయంటే ఒక హెడ్డో, ఒక ముఖమో మొత్తంగా బలహీనపడిందన్నమాట. అలాంటి డిస్క్‌లో ఎన్ని పార్టిషన్లు గీసినా ప్రతి దాన్లోనూ ఆ చార పడుతుంది. వదిలేయడానికి ఒక చోటంటూ ఉండదు.

గుంపు ఒక్కచోటే ఉందని తేలితే ఒకసారి డిస్క్ మొత్తం సున్నాలు రాసి మళ్లీ చదివించాలి. 197 సున్నాకు వచ్చి, 5వ నంబరు కదలకుండా ఉండి, రెండో స్కాన్ శుభ్రంగా వస్తే అది కరెంటు కోతల పుణ్యమే అయి ఉంటుంది. ఏ చోటూ వదిలేయాల్సిన పని లేదు. 5వ నంబరు కొంత పెరిగి, పాత చోటి చుట్టుపక్కల ఇంకా నెమ్మది బ్లాకులు మిగిలితేనే వదిలేసే పద్ధతికి పని. సున్నాలు రాసిన ప్రతిసారీ కొత్త కొత్త చోట్ల చెడ్డవి పుడుతుంటే ఇక ఆ డిస్క్ మీద ఆశ పెట్టుకోకూడదు.

మడి చుట్టూ గట్టు

ఒక ఉదాహరణతో లెక్క చూద్దాం. 500 జీబీ డిస్క్‌లో 41 కోట్లకూ 41 కోట్ల 40 లక్షలకూ మధ్య సెక్టార్లలో ఎర్ర బ్లాకులు వచ్చాయనుకుందాం. 512 బైట్ల సెక్టారు నంబరును 20,97,152తో భాగిస్తే విండోస్ చూపించే జీబీలు వస్తాయి. ఆ లెక్కన దెబ్బ సుమారు 195.5 నుంచి 197.4 జీబీ దాకా ఉంది. రెండు జీబీలు కూడా లేదు. అయినా సరిగ్గా అంతే వదిలేస్తే చాలదు. పళ్లెం మీద గీత పడినచోట లేచిన రజను చుట్టుపక్కల ట్రాకుల్ని కూడా చెరుపుతూ పోవచ్చు కాబట్టి అటూ ఇటూ పదేసి జీబీలు ఉదారంగా వదులుకోవాలి. 185 జీబీ దాకా మొదటి భాగం, 185 నుంచి 208 దాకా ఖాళీ, అక్కడినుంచి చివరిదాకా రెండో భాగం. విండోస్ లెక్కలో ఈ 500 జీబీ డిస్క్ 465 జీబీలే, అందులో పోయేది 23. పిసినారితనం చూపాల్సిన చోటు కాదిది.

పార్టిషన్లు గీసే జీపార్టెడ్ అనే ప్రోగ్రాంలో కొత్త పార్టిషన్ గీసేటప్పుడు ముందు ఎంత ఖాళీ వదలాలో ఎంబీల్లో అడిగే గడి ఉంటుంది. రెండో పార్టిషన్‌కు అక్కడ 23552 అని కొడితే 23 జీబీ మడి ఏర్పడినట్టే. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ గడి లేదు. అక్కడ మధ్యలో 23552 ఎంబీల డమ్మీ పార్టిషన్ ఒకటి గీసి, దాన్ని ఫార్మాట్ చేయకుండా, డ్రైవ్ అక్షరం ఇవ్వకుండా వదిలేస్తే అదే ఫలితం.

సీ డ్రైవ్‌ను ఎప్పుడూ డిస్క్ మొదట్లోనే పెట్టాలనడానికి వేరే కారణం ఉంది. హార్డ్ డిస్క్‌లో నంబర్లు పళ్లెం బయటి అంచు నుంచి మొదలై లోపలికి వెళతాయి. బయటి ట్రాక్ పొడవు ఎక్కువ కాబట్టి ఒక చుట్టులో ఎక్కువ సెక్టార్లు హెడ్ కింద నుంచి పోతాయి. బయటి వేగం లోపలి వేగానికి దాదాపు రెట్టింపు. మొదట్లో 80 నుంచి 100 జీబీలు విండోస్‌కు ఇచ్చి దాన్ని అక్కడే కట్టిపడేస్తే హెడ్ తిరగాల్సిన దూరమూ తగ్గుతుంది. పాత యంత్రంలో ఈ తేడా కంటికి తెలుస్తుంది.

దెబ్బ సరిగ్గా డిస్క్ మొదట్లోనే ఉంటే మాత్రం చేసేది తక్కువ. పాత ఎంబీఆర్ పద్ధతిలో పార్టిషన్ పట్టిక మొట్టమొదటి సెక్టారులోనే ఉంటుంది. 512 బైట్లలో 446 బూట్ కోడ్‌కు, 64 పట్టికకు, చివరి రెండు గుర్తుకు. దానికి నకలు లేదు. కొత్తదైన జీపీటీ పద్ధతిలో పట్టికకు డిస్క్ చివర ఒక నకలు ఉంటుంది, పైగా తప్పు పట్టే లెక్క కూడా ఉంటుంది. అందువల్ల బలహీనమైన డిస్క్‌కు, యంత్రం యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త ఏర్పాటు) ఉన్నదైతే, జీపీటీయే మేలు.

ఎంబీఆర్‌లోనే ఉండాల్సి వస్తే లాజికల్ పార్టిషన్ల జోలికి పోకపోవడం మంచిది. అసెంబుల్డ్ కంప్యూటర్ల కాలం నుంచి మనకు సీ, డీ, ఈ, ఎఫ్ అని నాలుగు డ్రైవులు చేయించుకునే అలవాటుంది. వాటిలో సీ ఒక్కటే ప్రైమరీ, మిగతావి ఎక్స్‌టెండెడ్ అనే గంపలో లాజికల్ డ్రైవులుగా ఉండేవి. ఒక్కో లాజికల్ డ్రైవ్ మొదట్లో ఉండే చిన్న పట్టికే తర్వాతిది ఎక్కడుందో చెబుతుంది. ఆ గొలుసులో ఒక్క సెక్టారు చదవబడకపోతే దాని తర్వాతివన్నీ కనిపించకుండా పోతాయి. "నిన్నటిదాకా ఉన్న ఈ, ఎఫ్ డ్రైవులు మాయమయ్యాయి" అన్న ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉన్నది ఇదే. డేటా అక్కడే ఉంటుంది, దారి మాత్రం తెగిపోతుంది. టెస్ట్‌డిస్క్ లాంటి ప్రోగ్రాం ఆ దారిని మళ్లీ కట్టగలదు.

ఉన్న పార్టిషన్‌ను జరపడం, చెరిపేసి కొత్తగా గీయడం ఒకటే అనుకోవడం ఇంకో ప్రమాదం. చెరిపి గీయడమంటే పట్టికలో కొన్ని బైట్లు మార్చడం, క్షణం పని. జరపడమంటే లోపలున్న జీబీలన్నిటినీ ఒక్కొక్కటిగా చదివి వేరే చోట రాయడం. చెడ్డ సెక్టార్లున్న డిస్క్‌లో ఆ పని సగంలో ఆగితే పార్టిషన్ ఇటూ కాక అటూ కాక పోతుంది. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌లో పార్టిషన్ జరపనే కూడదు.

డిస్క్ బాగానే ఉన్నప్పుడు

పార్టిషన్ మార్పు నిజంగానే వైద్యంగా పనిచేసే సందర్భాలు కూడా ఉన్నాయి. ఎక్స్‌పీ మొదటి పార్టిషన్‌ను 63వ సెక్టారు నుంచి మొదలుపెట్టేది. ట్రాక్‌కు 63 సెక్టార్లని లెక్కేసిన పాత రోజుల ఆచారం అది. 4096 బైట్ల సెక్టార్లున్న డిస్క్‌లో ఎనిమిది 512లు కలిస్తే ఒక అసలు సెక్టారు, ఆ 63 ఎనిమిదితో భాగం పోదు కాబట్టి, విండోస్ రాసే ప్రతి 4 కేబీ ముక్కా రెండు అసలు సెక్టార్ల మీద అడ్డంగా పడుతుంది. రెండింటినీ చదివి, దిద్ది, తిరిగి రాయాల్సి వస్తుంది. విస్టా నుంచి మొదటి పార్టిషన్ 2048వ సెక్టారు దగ్గర మొదలవుతోంది కాబట్టి ఈ బాధ లేదు. ఎక్స్‌పీ నాటి పార్టిషన్‌ను అలాగే కొత్త డిస్క్‌లోకి క్లోన్ చేయించుకుని "కొత్త డిస్క్ వేసినా స్లోగానే ఉంది" అనుకునేవాళ్లకు పార్టిషన్ మళ్లీ గీయడమే మందు.

2024 జనవరిలో విండోస్ 10కు వచ్చిన కేబీ5034441 అప్‌డేట్ ఎన్నో కంప్యూటర్లలో 0ఎక్స్80070643 అనే తప్పుతో ఆగిపోయింది. వాటిలో లోపమల్లా విండోస్ మొరాయిస్తే బాగుచేసే ఫైళ్లుండే రికవరీ పార్టిషన్‌లో చోటు చాలకపోవడమే. సీ డ్రైవ్‌ను 250 ఎంబీలు తగ్గించి రికవరీకి ఇవ్వమని మైక్రోసాఫ్టే చెప్పింది.

ఇక పళ్లేలు లేకుండా చిప్‌లలో సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీలకు ఈ వ్యాసంలోని గట్టు పద్ధతి అస్సలు వర్తించదు. ఎస్‌ఎస్‌డీలో సెక్టారు నంబరుకు స్థిరమైన చోటంటూ ఉండదు, ప్రతి రాతకూ లోపలి కంట్రోలర్ వేరే చిప్ బ్లాకు ఇస్తుంది. ఫలానా నంబర్లను వదిలేస్తే ఫలానా బ్లాకులు వదిలినట్టు కాదు. అరిగిన ఎస్‌ఎస్‌డీ చెప్పాపెట్టకుండా పోవచ్చు, లేదా రాయనివ్వకుండా చదవడానికి మాత్రమే ఒప్పుకోవచ్చు.

గట్టు వేసిన డిస్క్‌లో కొత్తగా విండోసో లినక్సో వేశాక మొదటి నెల వారానికోసారి 5, 197 నంబర్లు రాసి పెట్టుకోవాలి. నెల తర్వాత కూడా అవి కదలకపోతే ఆ యంత్రం చాలాకాలం నడవొచ్చు. కదిలితే, అదీ వదిలేసిన మడికి బయట కొత్తవి పుడితే, రెండోసారి గట్టు వేసే ప్రయత్నం మానుకోవడమే తెలివి. కదలకపోయినా ఆ డిస్క్‌లో ఉంచేవి పోయినా ఫరవాలేదనుకునేవే అయి ఉండాలి. డీటీపీ షాపులో ఆ యంత్రం మీద పని చేసుకోవచ్చు, ఫైలు మాత్రం ఆ సాయంత్రమే ఇంకోచోట కూడా ఉండాలి.

పాత సామాన్లవాడికి అమ్మే రోజున ఇంకో సంగతి. వదిలేసిన 23 జీబీల మడిలో పాత ఫైళ్ల ముక్కలు ఉండిపోవచ్చు, పార్టిషన్ చెరిపినంత మాత్రాన అవి చెరగవు. డిస్క్ మొత్తానికి సున్నాలు రాసినా, స్పేర్‌కు మారిపోయిన పాత సెక్టార్ల దగ్గరికి ఆ సున్నాలు చేరవు. బ్యాంకు కాగితాలు, ఆధార్ కాపీలు దాచిన డిస్క్‌ను పళ్లేలు పగలగొట్టాకే ఇవ్వడం మేలు. డెస్క్‌టాప్ డిస్కుల పళ్లేలు ఎక్కువగా అల్యూమినియంవి, వంగుతాయి. ల్యాప్‌టాప్ డిస్కుల్లో మాత్రం సాధారణంగా గాజు పళ్లేలుంటాయి, సుత్తి పడగానే పెంకులుగా ఎగురుతాయి. డిస్క్‌ను మందపాటి గుడ్డలో చుట్టి, కళ్లకు అద్దాలు పెట్టుకుని కొట్టాలి.